‘సర్వరు బిజీ’: పలు ప్రశ్నలకు యంత్రశక్తిని పంచు విధము

నేటి గ్రామవాసికిని చిరపరిచితమైన మాట యొకటి కలదు. అది ‘సర్వరు బిజీ’ అను మాట. బ్యాంకులో సొమ్ము కట్టబోయినను, రైలు టికెట్టుకు ప్రయత్నించినను, పొలమునకు ఈసీ తీయించుకొనబోయినను ఎప్పుడో యొకప్పుడు ఈ మాట చెవిని పడకపోదు. వినువారు దీనిని వాన రాకడవలె మానవుని వశములో లేనిదని భావించి, అరుగుమీద కూర్చుండి వేచియుందురు. కాని పెక్కు సందర్భములలో యంత్రము చెడియుండదు; దాని శక్తియు అడుగంటి యుండదు. ఉన్న శక్తిలో ఎవరికెంత, ఎప్పుడు ఈయవలెనో ముందుగా నిర్ణయింపకపోవుటయే చిక్కునకు మూలమగుచుండును. ఈ పంపకమును నిపుణులెట్లు చేయుదురో, అందు సామాన్యునికి సంబంధించిన విషయమేమో ఈ ప్రసంగములో వివరింపదలచినాము.

ముందుగా డేటాబేసు అనగా నేమో చూతము. రిజిస్ట్రారు కచేరి మనకందరకు తెలిసినదే. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ననుసరించి స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకమునకు ఎక్కును. ఆ పుస్తకమునకు రెండు సూచికలు. మొదటిది వ్యక్తుల పేర్లను బట్టియు, రెండవది ఆస్తి వివరములను బట్టియు కూర్చబడును. గణపవరము రైతు తన పొలముపై తనఖా లేదని చూపదలచినచో, పూర్వము గుమాస్తా ఏండ్లకేండ్ల సూచికలను చేతితో తిరుగవేయవలసి వచ్చెడిది. 1998 నవంబరులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘కార్డ్’ అను పథకము క్రింద 214 రిజిస్ట్రేషను కార్యాలయములలో ఈ పనిని కంప్యూటరులకు అప్పగించినది. ఆ పుస్తకములును, సూచికలును, వానిని తిరుగవేయు గుమాస్తాయును కలిసి యంత్రరూపము దాల్చినచో అదియే డేటాబేసు.

సమాచారమును పట్టికలుగ అమర్చి, కావలసినదేదో చెప్పినచో చాలును, దానిని వెదకు దారిని యంత్రమే నిర్ణయించుకొనునట్లు చేయవచ్చునని 1970లో ఐబీఎం సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించెను. నేటి డేటాబేసులలో అధిక భాగమునకు ఆ ఆలోచనయే పునాది. అడుగువానికి ఇది గొప్ప సౌకర్యము. కాని ఈ సౌకర్యములోనే మన సమస్యకు బీజమును కలదు. అడుగువాడు మార్గమును చెప్పనక్కరలేదు గనుక, తన ప్రశ్నకగు ఖర్చును అతడు చూడజాలడు. రెండు ప్రశ్నలును రెండేసి పంక్తులే కావచ్చును. ఒకదానికి జవాబు రెప్పపాటులో వచ్చును. ఇంకొకదానికి అరగంట పట్టును.

భూముల దస్తావేజులనే ఉదాహరణగ గ్రహింతము. ఇందు మూడు తరగతుల ప్రశ్నలు పుట్టును. మొదటిది, కొత్త క్రయ దస్తావేజును ఎక్కించుట. ఇది తాకునది నాలుగైదు వరుసలనే. కాని అమ్మినవాడును, కొన్నవాడును, సాక్షులును ఎదుట నిలిచియుందురు గనుక ఇది వెంటనే జరుగవలెను. రెండవది ఈసీ. ఒక సర్వే నంబరుపై ముప్పది సంవత్సరములలో జరిగిన లావాదేవీల నన్నిటిని తీయవలెను. అయినను సూచిక సాయపడును గనుక శ్రమ మితముగనే యుండును. మూడవది వేరు విధమైనది. పది సంవత్సరములలో రాష్ట్రమందలి మండలములన్నిటను ఎన్ని ఎకరములు చేతులు మారినవి, ఎన్ని ఎకరములు తనఖా పడినవి అని యొక అధికారియో, పరిశోధకుడో అడిగెను అనుకొందము. ఇచ్చట సూచిక సాయపడదు. పుస్తకములన్నియు మొదటి పుటనుండి చివరి పుటవరకు చదువవలసినదే.

ఇంత చదువు ఒక యంత్రమువలన త్వరగ కాదు గనుక పెక్కు యంత్రములను జతకూర్చి, సమాచారమును వానిమధ్య పంచి, అన్నిటిచేత నొక్కసారి పని చేయింతురు. అట్టి గుంపునకు క్లస్టరని పేరు. కుప్పనూర్పుల నాడు ఎనిమిది జట్లు ఎనిమిది కుప్పలమీద పడినట్లు, ఎనిమిది యంత్రములు ఎనిమిది భాగములను చదివి, తమ తమ లెక్కలను ఒకచోట చేర్చును. కాని ఆ యంత్రములమీదనే చిన్న ప్రశ్నలును నడువవలసి యున్నవి. ఒకే గుంపుమీద చిన్నవియు, పెద్దవియు కలిసి వచ్చినపుడు ఏమగునన్నదే మన విషయము.

దీనిని తెలిసికొనుటకు కొల్లేరు నొకమారు తలచుకొందము. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి కొల్లేటిలో పడును. ఆ నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు. వచ్చు నీరు పోవు నీటికంటె తక్కువగ నున్నంతకాలము సరస్సు నిలుకడగ నుండును. ఏరులు పొంగి, రాక పోకకు సమీపించినకొలది నీటిమట్టము వేగముగ పెరుగును. ప్రశ్నల వరుసయు ఇట్టిదే. 1909లో కోపెన్‌హేగను టెలిఫోను కంపెనీకి చెందిన ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు ఇట్టి రాకపోకల లెక్కలకు నాంది పలికెను. ఒక ప్రశ్నకు సగటున ఒక సెకను పని కలదనియు, ప్రశ్నల రాకయు, వాని పరిమాణమును యాదృచ్ఛికముగ నుండుననియు అనుకొందము. యంత్రము సగము కాలము పనిలో నున్నచో వేచియుండు కాలముతో కూడ సగటున 2 సెకనులు పట్టును. నూటికి 80 వంతులు పనిలో నున్నచో 5 సెకనులు, 90 వంతులైనచో 10 సెకనులు, 95 వంతులైనచో 20 సెకనులు పట్టును. యంత్రమును క్షణము తీరిక లేకుండ నడుపుటయే పొదుపని తలచువారు ఈ లెక్కను గమనింపవలెను. కొంత తీరిక లేని యంత్రము ఎవరికిని సకాలములో జవాబీయజాలదు.

ఇక వరుసక్రమము. ఒక పెద్ద పనికి 20 నిమిషములు, పది చిన్న పనులకు ఒక్కొక్క నిమిషము పట్టుననుకొందము. పెద్దది ముందు జరిగినచో చిన్నవారిలో మొదటివానికి 21 నిమిషములకు, చివరివానికి 30 నిమిషములకు పని ముగియును. చిన్నవి ముందు జరిగినచో వారి పనులు 1 నుండి 10 నిమిషములలో తీరును. పెద్దది 30 నిమిషములకు తీరును. మొత్తము పని రెండు విధములను 30 నిమిషములే. పదిమందికి తలకొక 20 నిమిషములు కలిసివచ్చెను. ఒక్కరికి 10 నిమిషములు ఆలస్యమయ్యెను. ‘ముందు వచ్చినవానికి ముందు’ అను నియమము పైకి న్యాయముగ తోచినను, పనులు సమానములు కానిచోట అది అందరను సమానముగ చూడదని దీనివలన తెలియుచున్నది.

అయినచో చిన్నవానిని ఎల్లప్పుడు ముందుంచినచో సరిపోవునా? సరిపోదు. చిన్న ప్రశ్నల ప్రవాహము తెగకుండ వచ్చుచుండును గనుక పెద్ద ప్రశ్నకు వంతు ఎన్నడును రాకపోవచ్చును. ఇచ్చట గోదావరి డెల్టా మనకు మంచి పాఠము చెప్పును. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని నారంభింపగా 1852లో అది పూర్తియయ్యెను. నాటినుండి విజ్జేశ్వరమువద్ద బయలుదేరు ప్రధాన కాలువ శాఖోపశాఖలై పశ్చిమ డెల్టాను తడుపుచున్నది. కొల్లేటి వైపు చేలు ఈ కాలువలకు శివారు భూములు. ఎగువవారు తూములు బారుగ తెరచుకొనినచో శివారు చేనికి నీరెక్కదు. కావుననే ఏ తూమునకెంత నీరో నియమము, దానిని పాటింపజేయ లస్కరు, దాళ్వాలో నీరు చాలనపుడు వంతులవారీ పద్ధతి ఏర్పడినవి. డేటాబేసు క్లస్టరులో ప్రశ్నలను నియమించు భాగమును మనము లస్కరుగనే భావింపవచ్చును.

ఈ లస్కరు మొదట ప్రశ్నలను తరగతులుగ విభజించి, ఒక్కొక్క తరగతికి కనీస వాటాను ఏర్పరచును. దస్తావేజుల నెక్కించుటకు నూటికి 40 వంతులు, ఈసీలకు 30, పెద్ద నివేదికలకు 20, యంత్రముల సొంత పనులకు 10 అని యనుకొందము. రద్దీ యెంతయున్నను ఎవరి కనీస వాటా వారికి దక్కితీరవలెను. అయితే వాటాలు రాతిగోడలు కారాదు. రాత్రివేళ రిజిస్ట్రారు కచేరి మూసియుండగా 40 వంతుల శక్తి వ్యర్థముగ పడియుండుట తెలివి కాదు. వాడని వాటాను నివేదికలు అప్పుగ పుచ్చుకొనవచ్చును. ఉదయము కచేరి తెరువగనే ఆ అప్పును వెంటనే తీర్చవలెను. లినక్సు వ్యవస్థలో 2008 నుండి గల ‘సీగ్రూపులు’ అను ఏర్పాటు ప్రాసెసరు కాలమును ఈ రీతిగనే పంచగలదు. గ్రీన్‌ప్లమ్, ట్రినో వంటి డేటాబేసు సాధనములలో ఇట్టి తరగతులకు ‘రిసోర్సు గ్రూపులు’ అని పేరు.

ప్రాసెసరు కాలమును అప్పిచ్చి క్షణములో మరల తీసికొనవచ్చును. మెమొరీ యట్టిది కాదు. లెక్క మధ్యలో నున్న ప్రశ్న తన చేతిలోని కాగితములను పరచుకొనియుండు బల్లయే మెమొరీ. సగము పనిలో బల్లను లాగికొనినచో లెక్కయే చెడును. ఎనిమిది యంత్రములలో తలకు 64 వంతున మొత్తము 512 జీబీల మెమొరీ కలదనియు, ఒక్కొక్క పెద్ద ప్రశ్నకు 40 జీబీలు కావలెననియు అనుకొందము. ఇరువది పెద్ద ప్రశ్నలు ఒక్కమారుగ లోనికి వచ్చినచో 800 జీబీలు కావలెను. బల్ల చాలక కాగితములను డిస్కుమీద పెట్టుచు తీయుచు నుండవలసి వచ్చును. డిస్కు మెమొరీకంటె ఎంతో నెమ్మది గనుక ఇరువదియు కుంటును. కొన్ని మధ్యలోనే కూలును. ఒక్కమారు ఎనిమిదింటినే రానిచ్చి, తక్కిన పండ్రెండింటిని గుమ్మమువద్ద నిలిపినచో 320 జీబీలు మాత్రమే ఖర్చగును. చిన్న ప్రశ్నలకు 192 మిగులును. గుమ్మమువద్ద నిలుచుట అడుగువానికి కష్టముగ తోచినను, లోపల త్రొక్కిసలాటకంటె అదియే మేలు. ఇంపాలా అను సాధనములో ఈ కాపలాకు ‘అడ్మిషను కంట్రోలు’ అని పేరు. పెండ్లి భోజనములలో పంక్తికి సరిపడువారిని మాత్రమే కూర్చుండబెట్టుటలోని మర్మము ఇదియే.

ఇక చిన్నదని చెప్పి లోనికి వచ్చి పెద్దదిగ మారు ప్రశ్నలును కలవు. సర్వే నంబరు వ్రాయుట మరచి గ్రామమంతటికి వివరములు అడిగిన ప్రశ్న యిట్టిది. లస్కరు ప్రతి తరగతికి కాలపరిమితి పెట్టును. అది దాటిన ప్రశ్నను పెద్దవాని తరగతికి పంపును. అచ్చటి పరిమితియు దాటినచో రద్దు చేసి, కారణమును అడిగినవానికి తెలుపును. కారణము చెప్పకుండ రద్దు చేసినచో అతడు అదే ప్రశ్నను మరల మరల వేయును, రద్దీ ఇనుమడించును.

పంపకము ఎంత చక్కగ నున్నను, సమాచారము యంత్రములమధ్య సమముగ లేనిచో ఫలము దక్కదు. జిల్లాకొక యంత్రమని పంచితిమనుకొందము. దస్తావేజులు అధికముగ గల జిల్లాయొక్క యంత్రము మోయలేని బరువుతో నుండగా, తక్కినవి తమ పని ముగించి దానికొరకు వేచియుండును. ఎనిమిది జట్లలో ఏడు ఇంటికి పోవుటకు సిద్ధమైనను, ఎనిమిదవ కుప్ప ముగియువరకు నూర్పు ముగిసినట్లు కాదు. అందుచేత దస్తావేజు సంఖ్యలను యంత్రములమధ్య కలగలుపుగ చల్లు పద్ధతిని అవలంబింతురు. క్లస్టరు నెమ్మదిగ నున్నదని కొత్త యంత్రములను కొనుటకు ముందు, ఉన్నవాని బరువులు సరిసమానముగ నున్నవో లేవో చూడవలెను. కొల్లేటివైపు శివారు చేనికి నీరెక్కనపుడు ఆనకట్ట ఎత్తు పెంచుటకు ముందు కాలువలో పూడిక తీయుటవంటిది యిది.

పనుల కాలమును వేరుచేయుట మరియొక ఉపాయము. దీనికి రైల్వేవారి రిజర్వేషను మంచి ఉదాహరణ. సికింద్రాబాదులో 1994 సెప్టెంబరులో ‘కన్సర్ట్’ అను రిజర్వేషను వ్యవస్థ మొదట అమలులోనికి వచ్చినది. 1999 ఏప్రిలు నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఒకదానితో నొకటి అనుసంధింపబడినవి. తాడేపల్లిగూడెములో కూర్చున్న ప్రయాణికుడు దేశమున ఏ మూలనుండి ఏ మూలకైనను చోటు అడుగగలుగుట దీని ఫలము. తత్కాల్ టికెట్లకు దేశమంతయు ఒక్క నిమిషమున ఎగబడుటచే కలుగు రద్దీని తగ్గింప, 2015 జూనునుండి ఏసీ తరగతులకు ఉదయము 10 గంటలకు, తక్కిన తరగతులకు 11 గంటలకు ప్రారంభ సమయమును విడదీసిరి. మొదటి అరగంటలో ఏజెంట్లకు తత్కాల్ టికెట్లు ఈయరాదను నియమమును కలదు. మొదటి నియమము రద్దీని కాలములో పరచినది. రెండవది, ఒక్క చోటు కోరు సామాన్యుని పక్షమున పెద్ద గిరాకీని కొంతసేపు గుమ్మమువద్ద నిలిపినది.

నివేదికలకొరకు సమాచారమునకు వేరొక నకలును వేరు యంత్రములపై నుంచుట ఇంకొక మార్గము. అప్పుడు పెద్ద ప్రశ్న చిన్న ప్రశ్నను తాకనైన తాకదు. కాని యంత్రములకు ఖర్చు హెచ్చును. నకలు అసలుకంటె కొన్ని క్షణములో, నిమిషములో వెనుకబడియుండును. పదేండ్ల లెక్కకు ఆ వెనుకబాటు బాధింపదు. నేటి ఉదయమే తనఖా పడిన పొలమును మధ్యాహ్నము కొనబోవువానికి మాత్రము అది నష్టము కలిగింపవచ్చును. కావున ఏ ప్రశ్న అసలునుండి, ఏ ప్రశ్న నకలునుండి జవాబు పొందవలెనో తెలిసి నిర్ణయింపవలెను.

ఇంతవరకు చిన్నవాని పక్షమున మాటలాడితిమి. కాని ప్రాధాన్యము ఎల్లకాలము ఒకే తీరుగ నుండరాదు. ఈ విషయము రేడియోవారమైన మాకు నిత్యానుభవము. మా కార్యక్రమ పట్టికలో వార్తలకు నియతమైన వేళలు కలవు. సంగీత కచేరికి దీర్ఘమైన వ్యవధి కలదు. సాధారణముగ ఎవరి వేళ వారిది. సముద్రములో వాయుగుండము బలపడి తుపాను హెచ్చరిక వచ్చినపుడు మాత్రము ఎంతటి విద్వాంసుని కచేరియైనను ఆగి దారి ఈయవలసినదే. డేటాబేసునందును ఇంతే. కొల్లేరు పొంగి చేలు మునిగిననాడు, ఏ గ్రామమున ఎన్ని ఎకరముల పంట పోయినది, ఎవరి ఖాతాలకు సాయము చేరవలెను అను పెద్ద ప్రశ్నయే అన్నిటికంటె అత్యవసరమగును. ఆనాడు ఆ ప్రశ్నను ‘పెద్దది గనుక రాత్రికి’ అని నెట్టివేయుట క్రూరత్వమే యగును. నియమములు ముందుగా నుండవలెను. ఆపత్కాలమున వానిని మార్చు అధికారము ఎవరిదో అదియు ముందుగనే వ్రాసియుండవలెను.

పంపకము సరిగ నున్నదో లేదో కొలుచుటలో నొక మోసము కలదు. నూరు ప్రశ్నలలో 99 ప్రశ్నలకు ఒక్కొక్క సెకను, ఒకదానికి 10 నిమిషములు పట్టినదనుకొందము. సగటు సుమారు 7 సెకనులు. ఈ 7 సెకనులు ఎవరి అనుభవమును కాదు. సగటును చూచి అధికారి తృప్తిపడును. ఆ నూరవవాడు మాత్రము కిటికీవద్దనే నిలిచియుండును. కావున మంచి నిర్వాహకులు సగటుతో పాటు, ప్రతి తరగతిలోను నూటికి 95 మందికి ఎంత కాలములో జవాబు వచ్చినది, మిక్కిలి వెనుకబడినవాడు ఎంతసేపు నిలిచెను అని వేరువేరుగ చూతురు. కాలువ మొదటి తూమువద్ద నీటిని కొలిచి శివారు చేను తడిసినదని వ్రాసికొనుట ఎట్టిదో, సగటుతో తృప్తిపడుటయు అట్టిదే.

ఇందు యంత్రవిద్య కొంతయే. మిగిలినది పరిపాలన. ఎవరి వాటా యెంత, ఎవరు ఎంతసేపు వేచియుండవచ్చును, ఎవరిని ఆపరాదు అను ప్రశ్నలకు యంత్రము సమాధానము చెప్పదు. మనుష్యులు చెప్పిన సమాధానమును అది అలసట లేక పాటించును. మనుష్యులేమియు చెప్పనిచో అదియు ఒక నిర్ణయమే. బలమైన ప్రశ్న బలహీనమైన ప్రశ్నను త్రోసివేయును. సార్వా పెట్టుబడికి అప్పు కావలసి ఈసీకొరకు వచ్చిన కౌలుదారునికో, రెండెకరముల ఆసామికో అట్టినాడు కలుగు నష్టము సెకనులలో లెక్కింపదగినది కాదు. బ్యాంకు మూసివేయు వేళలోగా కాగితము చేతికి రానిచో దమ్ము చేసిన మడి ఇంకొక దినము ఆగును. ఆ కాగితము వేళకు అతని చేతికందించు ఏర్పాటును, రద్దీ రాకముందే చేసియుంచుట కంప్యూటరులను నడుపు సంస్థల కర్తవ్యము. అట్టి ఏర్పాటు కలదా యని అడుగుట పౌరుల హక్కు.